రాజీపత్రంలో ఒక మాట

బాన్సువాడ శివారులోని ఓ రైసుమిల్లులో వనిత ఆరేళ్లుగా కాంటా గుమాస్తా. వచ్చిన ప్రతి ధాన్యం లారీనీ తూకం వేసి చీటీ రాయడం ఆమె పని. మొన్న ఎండాకాలం మిల్లు బెల్టులో చెయ్యి పడి హమాలీ రాజన్నకు రెండు వేళ్లు తెగిపోయాయి. విచారణకు వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కాంటా గదిలో అడిగితే, బెల్టుకు అడ్డుజాలి లేదని వనిత ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ గదిలో అప్పుడు తోటి గుమాస్తా ప్రవళిక తప్ప మిల్లు మనుషులెవరూ లేరు.

వారం తిరగకముందే మేనేజరు ప్రవీణ్‌కుమార్ పిలిచాడు.

"రేపటి సంది రావద్దు, వనితా."

"నేనేం తప్పు చేసిన సార్?"

"సేటు వద్దన్నడు, గంతే."

"గదే కాయితం మీద రాసియ్యుండ్రి."

"మన మధ్యల కాయితాలెందుకమ్మా!" అని నవ్వాడు. మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు.

తన మాట మేనేజరుకు మోసింది ప్రవళికేనని వనితకు గట్టి అనుమానం. ఆ సాయంత్రమే ప్రవళిక ఇంటికి రావడంతో అది ఇంకా ముదిరింది.

"అక్కా, రాజీనామా రాయమంటరు. రాయకు. లేబర్ ఆఫీసుకు పో."

"నిన్నెవలు పంపిండ్రు?" అంది వనిత.

వనిత తల్లి చిన్నవ్వ ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా ప్రవళిక వెళ్లిపోయింది. "గా పిల్ల మొకంల భయమున్నది బిడ్డా," అంది చిన్నవ్వ. తల్లి మాట కూడా వనిత చెవికెక్కలేదు.

రెండు రోజులకు మేనేజరే ఫోన్ చేశాడు. చిన్న కాయితం మీద సంతకం పెడితే సేటుకు నచ్చజెప్పి మళ్లీ తీసుకుంటానన్నాడు. వెళ్లి చూస్తే, 'సొంత కారణాలతో మానుకుంటున్నాను' అని ఉంది. వనిత కలం ముట్టకుండా తిరిగొచ్చింది.

లేబర్ ఆఫీసులో అధికారి దరఖాస్తు చదివి, "ఏడాదికి మించి చేసినోళ్లను నోటీసు లేకుండ తియ్యరాదమ్మా. ఇద్దరినీ పిలిచి మాట్లాడుత. నలభై అయిదు దినాల్ల తెగకపోతే మీరే లేబర్ కోర్టుకు పోవచ్చు. ముందుగాల, పనికి తయారుగున్న, గేటుకాడ ఆపుతున్నరని మిల్లుకు రిజిస్టరు పోస్టుల ఉత్తరం రాయుండ్రి," అన్నాడు.

ఇంత మంచిగా చెప్పేసరికి వనితకు ఆయన మీదా అనుమానం వచ్చింది. దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మొదటి పిలుపుకు ప్రవీణ్‌కుమార్ ధీమాగా వచ్చాడు. "మేం తియ్యలే సార్. ఆమెనే వస్తలేదు."

వనిత ఉత్తరం నకలు, మిల్లు ముద్రతో తిరిగొచ్చిన రసీదు బల్ల మీద పెట్టింది. అతను రసీదు తిప్పి చూసి, సేటును అడిగి వస్తానని లేచాడు. మూడో పిలుపునాటికి రాజీపత్రమే టైపు చేయించి తెచ్చాడు.

వనిత దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి వేలు ఒక మాట మీద ఆగింది.

"'కొత్తగా చేర్చుకుంటున్నాము' అంటే నా ఆరేండ్లు ఏడికి పోతయ్?"

"టైపింగు తప్పు."

"అయితే దిద్దుండ్రి."

అధికారి కూడా పత్రం తీసుకుని చూసి మేనేజరు వైపు తిప్పాడు. 'పాత సర్వీసు కొనసాగిస్తూ, ఆపిన రోజుల జీతంతో సహా' అని మార్చి తెచ్చాకే ఆమె సంతకం పెట్టింది.

సోమవారం వనిత మళ్లీ పనిలో చేరగానే కాంటా దగ్గరికి ప్రవళిక వచ్చింది. "నువ్వు జాలి గురించి అన్నది మేనేజరు సారుకు చెప్పింది నేనే, అక్కా. గట్టిగ అడిగితే భయమైంది."

"మరి మా ఇంటికెందుకొచ్చినవ్?"

"నీ నౌకరి పోయినంక అన్నం సయించలే."

తన అనుమానం నిజమే అయినా వనితకు గెలిచినట్టు అనిపించలేదు. కోటగిరి నుంచి వచ్చిన లారీకి చీటీ రాసింది. మధ్యాహ్నం టిఫిన్ విప్పినప్పుడు పక్కకు జరిగి ప్రవళికకు చోటిచ్చింది. ఇద్దరి మధ్య మాటలు కలవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.