కుమార్ నంబరు

అత్వెల్లి దాటాక హైవే సర్వీసు రోడ్డు పక్కన, కౌలుకు తీసుకున్న అరెకరం జాగాలో శోభారాణి వాళ్ల నర్సరీ ఉంది. ఆమె భర్త కుమార్ దానికి తన తల్లి పేరే పెట్టుకున్నాడు. బోర్డు మీద 'శంకరమ్మ నర్సరీ' అని పచ్చరంగుతో ఉంటుంది. పోయిన ఏడు శ్రావణంలో మేడ్చల్ నుంచి బండి మీద వస్తుంటే లారీ తగిలి కుమార్ చనిపోయాడు. జేబులో ఉన్న ఫోను కూడా నలిగిపోయింది. అప్పటి నుంచి నర్సరీని శోభారాణి, అత్త శంకరమ్మ ఇద్దరే చూసుకుంటున్నారు.

పొద్దున లేచి పైపు పట్టుకుని వరసగా నీళ్లు పెట్టడం, ఎర్రమట్టీ ఎరువూ కలిపి కవర్లలో నింపడం, ఎండిన కొమ్మలు కత్తిరించడం. శోభారాణి ఈ పనులన్నీ చేస్తూనే ఉంది. చేతులు వాటంతట అవే కదిలేవి. మధ్యాహ్నం అన్నం తిన్నదో లేదో సాయంత్రానికి ఆమెకే గుర్తుండేది కాదు. మొదటి నెలలో ఏడ్చింది. తర్వాత ఏడుపు కూడా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆలోచించలేదు.

అందుకే జనం రావడం తగ్గిపోయిందని ముందు గమనించింది ఆమె కాదు, శంకరమ్మ.

"వానలు వడ్డంక గూడ ఒక్క కారు ఆగుతలేదేందే శోభా? పోయిన యేడు ఐతారం వస్తే జాగ సాలకపోతుండె."

"ఏమో అత్తమ్మా," అంది శోభారాణి. నిజంగానే ఆమెకు తెలియదు. మూడు నెలల నుంచి బేరాలు ఇట్లాగే ఉన్నాయని అప్పుడే తోచింది.

ఆ వారంలోనే గుండ్లపోచంపల్లి నుంచి ఒకావిడ కారులో వచ్చింది. రెండు మూడేళ్లుగా ఇక్కడే మొక్కలు కొంటున్న మనిషి. కారు దిగుతూనే ఆశ్చర్యపోయింది.

"మీరు తీసే ఉన్నారా! మ్యాప్‌లో శాశ్వతంగా మూసేశారని చూపిస్తోంది. ఇటు వెళ్తూ బోర్డు చూసి ఆగాను. ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి, ఇది నర్సరీ కాదండీ అన్నారు."

"ఏ నంబర్‌కు చేసిన్రు మేడమ్?"

ఆవిడ తన ఫోను చూపించింది. అది కుమార్ నంబరు.

ఆవిడ నాలుగు నందివర్ధనాలు, ఒక మామిడి అంటు తీసుకుని వెళ్లిపోయింది. శోభారాణి షెడ్డులో కూర్చుని తన ఫోను తీసింది. వాట్సాప్‌లో కుమార్ పేరు కింది నుంచి వెతికి పట్టుకుంది. అతను పోయాక ఆ పేరు తెరవడం అదే మొదటిసారి. గుండ్రటి ఫోటోలో కుమార్ లేడు. కళ్లజోడు పెట్టుకుని, తెల్లచొక్కా వేసుకుని, గుడి మెట్ల మీద నిలబడిన ఒక ముసలాయన ఉన్నాడు. పైన 'కుమార్', దాని కింద 'ఆన్‌లైన్' అని ఉంది. ఆమె చాలాసేపు దానివైపు చూసింది. భయం వేస్తుందనుకుంది. వేయలేదు. లేచి వెళ్లి మోటారు బంద్ చేసింది.

మర్నాడు మేడ్చల్ బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటరు నడిపే మనోరమ దగ్గరికి వెళ్లింది. నాలుగేళ్ల కింద నర్సరీని మ్యాప్‌లో పెట్టింది ఆమే. మనోరమ కంప్యూటర్‌లో చూసి చెప్పింది.

"అన్న సిమ్‌ల రీచార్జ్ చేయించకపోతే వాళ్లు బంద్ చేసి ఇంకొకళ్లకు ఇచ్చిన్రక్కా. దుకాణం మూసిన్రని ఎవరో పెట్టిన్రు. దాన్ని మార్చాలంటే అన్న మెయిల్ తెరవాలె. పాస్‌వర్డ్ నాకెరుకలేదు. మర్చిపోయినమని కొడితే ఓటీపీ గా నంబర్‌కే పోతది."

"కొత్తది పెట్టరాదు?"

"పెట్టొచ్చు. గని పాతదాంట్ల అన్న దీసిన ఫోటోలున్నయి. రెండొందల మంది మంచిగ రాసిన్రు. కొత్తది పెడితే ఎక్కడ్నో అడుగున వడ్తది, ఎవరికి కనబడది. నువ్వు గాయనకు ఫోన్ చెయ్యక్కా, ఓటీపీ చెప్తే అయిపాయె."

శోభారాణి అక్కడి నుంచే ఫోన్ చేసింది. రెండు రింగులకే ఎత్తారు.

"ఆఁ, చెప్పండి."

"సార్, గీ నంబర్ ఇంతకుముందు మా ఆయనదుండె. ఇప్పుడు మీకొక ఓటీపీ వస్తది, గది జర చెప్తరా..."

"ఓటీపీనా? చూడమ్మా, నేను టీవీ చూస్తాను, పేపరు చదువుతాను. ఇలాంటి వేషాలు నా దగ్గర కాదు. మళ్లీ చేస్తే పోలీసులకు చెప్తాను." ఫోను పెట్టేశారు.

"మోసం జేసేటోళ్లమనుకున్నడు," అంది మనోరమ.

శోభారాణికి కోపం రాలేదు. తన ఫోనులో ఉన్న ఒక ఫోటో వెతికింది. నర్సరీ బోర్డు కింద కుమార్, పక్కన శంకరమ్మ, చేతుల్లో మందారం మొక్కలు. అది ఆ నంబరుకు పంపి, కింద మాటలు రికార్డు చేసింది. "సార్, ఈయనే మా ఆయన, పేరు కుమార్. పదకొండు నెలలాయె, లేడు. మీ పైసలతోని మాకు పని లేదు. మ్యాప్‌ల మా నర్సరీ మూసిన్రని వస్తాంది. గది మార్చుకోనికే అడిగిన. మీరు రమ్మంటే వచ్చి చెప్త."

ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడు పొద్దున కుమార్ పేరు మీద నుంచి మెసేజ్ వచ్చింది. ఆ పేరు చూసి ఒక్క క్షణం చేతిలోని పైపు కింద పెట్టింది. 'రండమ్మా. ఎదురుగా మాట్లాడదాం. యజ్ఞనారాయణ,' అని, దాని కింద మచ్చ బొల్లారంలో ఒక కాలనీ అడ్రసు ఉంది.

మేడ్చల్‌లో రైలెక్కింది. బొల్లారంలో దిగి ఆటో పట్టుకుంది. కిటికీ పక్కన కూర్చున్నా దారిలో ఏం చూసిందో గుర్తులేదు. యజ్ఞనారాయణ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్లుంటాయి. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు.

"మాది మండపేటమ్మా. స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మాఘమాసంలో ఇక్కడ మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. అప్పుడు తీసుకున్న సిమ్ ఇది. తీసుకున్న రోజు నుంచీ మొక్కలు కావాలని ఫోన్లే ఫోన్లు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చనిచ్చేవాళ్లు కారు. మా అమ్మాయి సుప్రజకు చెప్పాను. అది ఫోన్లో ఏదో నొక్కి, ఈ దుకాణం మూసేశారని పెట్టింది. వాళ్ల ఆఫీసులో ఇంకో ఇద్దరి చేత కూడా పెట్టించిందట. తర్వాత ఫోన్లు తగ్గాయి. మీరు నడుపుతున్నారని మాకు తెలీదమ్మా. తెలిస్తే ఆ పని చేయనిచ్చేవాణ్ణి కాదు."

శోభారాణి ఆయన వైపు చూసింది. ఈయన వల్లే మూడు నెలలుగా కవర్లలో మొక్కలు ముదిరిపోతున్నాయి. ఏదో ఒకటి అనాలి. ఏం అనాలో లోపలి నుంచి రాలేదు.

"ఎర్కలేక చేసిన్రు కదా సార్," అంది.

ఆమె మనోరమకు ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో ఓటీపీ వచ్చింది. యజ్ఞనారాయణ అంకెలు చదవబోయి, ఆగి, ఫోను ఆమె చేతికే ఇచ్చారు. "మీరే చూసి చెప్పండమ్మా." ఆమె ఆరంకెలు ఒక్కొక్కటిగా మనోరమకు చెప్పింది. "తెరుచుకున్నదక్కా," అంది మనోరమ అవతలి నుంచి. అంతే. దాని కోసమే ఇంత దూరం వచ్చింది.

లేవబోతుంటే ఆయన అన్నారు, "ఇంకొకటి అడగాలమ్మా. రోజూ సాయంత్రం ఒక నంబరు నుంచి ఫోన్ వస్తుంది. హలో అంటే మాట్లాడరు. ఊపిరి మాత్రం వినిపిస్తుంది, కాసేపటికి పెట్టేస్తారు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత అలవాటైపోయింది. మీ ఫోటో, మాటలు వచ్చాక నాకు అనుమానం వచ్చింది. ఈ నంబరు మీకు తెలుసా?"

ఆయన చూపించారు. 'మాట్లాడని మనిషి' అని దాచుకున్నారు. కింద ఉన్న నంబరు శంకరమ్మది. రొండిన దోపుకుని తిరిగే చిన్న మీటల ఫోనుది.

"మా అత్తమ్మ సార్," అంది శోభారాణి. "ఆయన తల్లి."

యజ్ఞనారాయణ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "చేసుకోనివ్వండమ్మా. నాకేం ఇబ్బంది లేదు. నేనేమైనా మాట్లాడాలా?"

"ఏం మాట్లాడకున్రి సార్."

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. శంకరమ్మ షేడ్ నెట్ కింద కూర్చుని కరివేపాకు నారు కవర్లలోకి మారుస్తోంది. శోభారాణి చేతులు కడుక్కుని పక్కన కూర్చుంది. తనూ ఒక కవరు తీసుకుని మట్టి నింపింది.

"అత్తమ్మా, ఆయన నంబర్‌కు ఫోన్ చేస్తున్నవా?"

శంకరమ్మ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు.

"మొదాల రోజూ చేస్తుంటి. బందున్నదని ఆడామె చెప్తుండె. ఒకనాడు రింగైంది బిడ్డా. నా పానం ఎట్లైందో ఏం చెప్పాలె. ఎవరో ఎత్తిన్రు. మనోడు కాదని ఎర్కే. ఐనా గా నంబర్ కొడితే రింగైతది గదా. ఎవరో ఒకరు ఎత్తుతరు గదా."

"ఏమంటడు?"

"హలో అంటడు. మర్యాదగ అంటడు. గంతే."

"గాయన మంచోడే అత్తమ్మా. పెద్దమనిషి, సదువు చెప్పిండంట. నువ్వు చేసుకుంటే చేసుకొమ్మన్నడు."

శంకరమ్మ నారు మొక్క వేర్లకున్న మట్టి రాల్చి, కవరులో నిలబెట్టి, చుట్టూ బొటనవేలితో నొక్కింది.

"వద్దు బిడ్డా. ఎవరో ఎర్కైనంక ఇగ ఎట్ల జేస్త?"

ఆ సాయంత్రం ఆమె ఫోను తీయలేదు. మరుసటి రోజూ తీయలేదు. శోభారాణి రెండుమూడు రోజులు ఓరగా చూసి, తర్వాత చూడడం మానేసింది. అత్త ఏడిస్తే తనకు కూడా ఏడుపు వస్తుందేమో అనుకుంది. శంకరమ్మ ఏడవలేదు.

మనోరమ 'తెరిచి ఉంది' అని మార్చి, శోభారాణి నంబరు పెట్టింది. మ్యాప్‌లో కనబడడానికి వారం పట్టింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఎన్నింటి దాకా ఉంటారు, గులాబీలు ఉన్నాయా, కుండీలు కూడా అమ్ముతారా. శోభారాణి ఫోనును సంచిలో వేసి మెడకు తగిలించుకుని నీళ్లు పెట్టేది. అడిగినదానికి జవాబు చెప్పేది. కొందరు కుమార్‌ను అడిగారు. యజ్ఞనారాయణకు ఇంకా ఫోన్ చేస్తున్నవాళ్లకు ఆయన ఈమె నంబరు ఇచ్చేవారు. "ఆ అబ్బాయి లేడండీ, వాళ్లావిడ చూసుకుంటున్నారు," అని ఆయన చెప్తున్నట్టు వచ్చినవాళ్లు అన్నారు. అందుకని ఆ మాట ఆమె ప్రతివాళ్లకూ చెప్పాల్సిన పని తప్పింది.

రెండో ఐతారం ఏడు కార్లు ఆగాయి. ముదిరిన మొక్కల్లో సగం పోయాయి. శంకరమ్మ చెమట తుడుచుకుంటూ, "వస్తున్నరే," అంది. "ఆఁ, వస్తున్నరు," అంది శోభారాణి. సంతోషం కోసం లోపల వెతుక్కుంది. నడుము నొప్పి తెలిసింది, ఆకలి తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం రెండుసార్లు పెట్టుకుని తిన్నది.

ఇద్దరూ ఖాళీ అయిన వరసలు ఊడుస్తుంటే కడియం నుంచి మొక్కలు తెచ్చే లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. గురువారం వస్తున్నాను, ఏమేం కావాలో చెప్పమన్నాడు. శోభారాణి ఫోను పక్కకు జరిపి, "మందారాలు ఎన్ని చెప్పాలె అత్తమ్మా?" అని అడిగింది.

"వంద చెప్పు," అంది శంకరమ్మ. "ఎర్రయి ఎక్కువెయ్యమను."