మామగారి మంచినీళ్ళు

లారీ నడిపినన్నాళ్ళూ మామగారు మంచినీళ్ళ మొహం చూసి ఎరగడు. ఎక్కడ బండి ఆపినా కూల్‌డ్రింకు సీసా మూత ఊడాల్సిందే. వయసు మీదపడి స్టీరింగు వదిలాడు గానీ సీసా వదల్లేదు. చివరికి డాక్టరు ఆయన పరీక్షల కాగితం అటూ ఇటూ తిప్పి, "మీ రక్తంలో చక్కెర కాదండీ, చక్కెరలోనే కాస్త రక్తం ఉంది" అన్నాడు. ఇకనుంచి దాహం వేస్తే నీళ్ళే తాగాలనీ, ఆ రంగునీళ్ళ జోలికి పోవద్దనీ గట్టిగా చెప్పి పంపాడు.

"చప్పిడి నీళ్ళు తాగి బతికేకంటే..." అని మామగారు అందుకోబోయాడు.

"మీరు ఊరుకోండి మామయ్యా! రంగులు తాగి ఒళ్ళు గుల్ల చేసుకుంది చాలు" అని పెద్దకోడలు అలమర వెనక దాచిన సీసాలతో సహా అన్నీ తీసి పారేసింది.

పెద్దకోడలు కింది వాటాలో బట్టలు కుడుతుంది. చిన్నకోడలిది పై వాటా, ఫోన్ల దుకాణంలో ఉద్యోగం. ఇద్దరికీ పడదని కాదు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెమంటారు, అంతే. మామగారి చేత నీళ్ళు తాగించే పని వచ్చిపడేసరికి ఆ ముచ్చట ముదిరి పందెంలో పడింది.

చిన్నకోడలి వంటింటి గోడకి ఫిల్టరు మిషను ఉంది. నీలం లైటుతో గోడమీద దేవుడి పటంలా వెలుగుతూ ఉంటుంది. "మిషను నీళ్ళు మామయ్యా, ఇందులో క్రిమి అన్నది బతకదు" అని గ్లాసు అందించేది.

"కాచి చల్లార్చిన నీళ్ళని మించిన మిషనుందా?" అనేది పెద్దకోడలు. గిన్నెడు నీళ్ళు కుతకుతా మరిగించి, చల్లారాక నాలుగు పుదీనా ఆకులు నలిపి వేసి, నిమ్మచెక్కా దోసకాయ ముక్కలూ జారవిడిచి స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది. చక్కెర పలుకైనా వెయ్యలేదు.

మామగారు అనుమానంగా ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసు ఎత్తిన చెయ్యి దించలేదు. "ఏం కలిపావో గానీ అమ్మా, ఈ నీళ్ళల్లో ఏదో ఉంది!"

ఆ మాట మెట్లెక్కి పైకి పోవడానికి ఎంతసేపు? మర్నాటికల్లా చిన్నకోడలు నారింజ తొనలూ అల్లం ముక్కా వేసిన కూజాతో సిద్ధం. ఇక మామగారి పని పెళ్ళివారింట్లో పెద్దమనిషిలా అయింది. కింద తాగి పైకెళ్ళడం, పైన తాగి కిందికి రావడం. దాహానికి తాగేది కొంత, మొహమాటానికి తాగేది ఇంకొంత. మిగిలిన పొద్దంతా స్నానాలగది తలుపు దగ్గరే. అయినా మనిషి తేటపడ్డాడు, పొట్ట తగ్గింది. ఆ ఘనత తనదంటే తనదని కోడళ్ళిద్దరూ వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకున్నారు.

ఒకరోజు చిన్నకోడలు నారింజలు అయిపోయి ఉత్త నీళ్ళే ఇచ్చింది. మామగారు నాలుక చప్పరించి, "ఏంటమ్మా, తడిగుడ్డ వాసనొస్తోంది?" అన్నాడు.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. గబగబా కిందికి దిగొచ్చి, "మా నీళ్ళకి వంకలు పెట్టమని నువ్వే నేర్పావు కదక్కా?" అని నిలదీసింది.

"నాకేం పని లేదా? నీ మిషను తెరిచి చూస్తే సరి" అంది పెద్దకోడలు, కత్తెర బల్లమీద పెట్టి లేస్తూ.

తెరిచారు. తెల్లగా మెరవాల్సిన లోపలి గొట్టం ముదురు ఎరుపు తిరిగి, మీద జిగురు పట్టి ఉంది.

"దీన్ని ఎప్పుడు మార్చావే?"

చిన్నకోడలు కళ్ళు పెద్దవి చేసింది. "మార్చాలా? నీలం లైటు వెలుగుతూనే ఉందిగా!"

పెద్దకోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. చిన్నకోడలు మాత్రం ఆ గొట్టాన్నే చూస్తూ, "నవ్వింది చాలు గానీ, మురికైతే నల్లగా ఉండాలి. ఈ ఎరుపేంటి? నీ నీళ్ళు ఓసారి గాజుగ్లాసులో పొయ్యి" అంది.

పోశారు. వెలుగులో పెడితే లేత గులాబీరంగు.

"కాస్తే క్రిములు చస్తాయేమో, రంగు ఎక్కడికి పోతుందక్కా?"

పెద్దకోడలి నవ్వు టక్కున ఆగింది. రెండు వాటాలకీ నీళ్ళొచ్చేది డాబా మీది ఒకే ట్యాంకులోంచి. ఇద్దరూ గబగబా పైకి ఎక్కారు. ట్యాంకు మూత ఓ మూల వెల్లకిలా పడి ఉంది. లోపల నీళ్ళల్లో బారెడు గుడ్డ హాయిగా ఈదుతోంది. పెద్దకోడలు కర్రతో పైకి లాగి చూసి నాలుక్కరుచుకుంది. ముదురు ఎరుపు లైనింగు గుడ్డ. కుట్టేముందు తడిపి దండెం మీద ఆరేస్తే కనిపించకుండా పోయింది. గాలికి పక్కింట్లో పడి ఉంటుందని, పాపం ఆ పక్కింటావిడతో పెద్ద గొడవే పెట్టుకుంది.

"గుడ్డ నీదే కదా?" అంది చిన్నకోడలు.

"గుడ్డ నాదే. మరి మూత తీసిందెవరు?"

నీళ్ళున్నాయో లేదో చూడ్డానికి తన మొగుడు డాబా ఎక్కిన సంగతి చిన్నకోడలికి అప్పుడు గుర్తొచ్చింది. "సరేలే అక్కా, మూత మాది, గుడ్డ మీది. మామయ్యకి మాత్రం చెప్పొద్దు."

ఏనాడూ ఒక మాట మీద లేనివాళ్ళు ఆ మాట మీద నిలబడ్డారు. ట్యాంకు ఖాళీ చేశారు. పెద్దకోడలు చీపురూ బ్రష్షూ పట్టుకుని లోపలికి దిగి అడుగంతా తోమింది. దిగడం దిగింది గానీ, కాస్త ఒళ్ళున్న మనిషి, పైకి రావడం కుదర్లేదు. చిన్నకోడలు తల లోపలికి దూర్చి చేతులు పట్టుకుని లాగుతుండగా, కుళాయిలో నీళ్ళు రావడం లేదేమిటని మామగారు పైకొచ్చాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా ట్యాంకులో?"

"నేనే మామయ్యా!" అంది ట్యాంకు, పెద్దకోడలి గొంతుతో.

మామగారు ఉలిక్కిపడి గోడ పట్టుకున్నాడు. ఇక దాచి లాభం లేకపోయింది. ఆయన కూడా ఒక చెయ్యి వేసి లాగితే పెద్దకోడలు బయటపడింది, సంగతంతా కూడా బయటపడింది.

ఆయన ఎర్రగుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "అయితే నేనిన్నాళ్ళూ పుదీనా అనుకుని మెచ్చుకున్నది దీన్నా?" అన్నాడు. ఇద్దరూ తలలు వంచుకున్నారు.

"రంగునీళ్ళు తాగుతున్నానని కదర్రా నా సీసాలన్నీ పారేశారు!"

ముందు చిన్నకోడలికి నవ్వొచ్చింది. పెద్దకోడలు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆయన కోపంగానే ఉందామనుకున్నాడు గానీ, మీసాలు వణకడంతో దొరికిపోయాడు.

ఆ వారంలోనే మిషనుకి కొత్త గొట్టం వేయించారు. ట్యాంకు మూతకి తాడు కట్టారు. సీసాడు నీళ్ళు పరీక్షకి పంపి, తాగొచ్చని తేలాకే ఆయనకి ఇచ్చారు. పెద్దకోడలు పక్కింటికి వెళ్ళి బతిమాలుకుని వచ్చింది. మిషను మెట్ల మలుపులో గోడకి చేరింది, కూజా రెండు వాటాలకీ ఒకటే అయింది.

తగాదాలు ఆగాయని కాదు. దోసకాయ చెక్కు తీసి వెయ్యాలా, చెక్కుతోనే వెయ్యాలా అన్నది ఇప్పుడు నడుస్తున్న గొడవ. మామగారు రెండు రకాలూ తాగి, మీసం తుడుచుకుని, తీర్పు రేపు చెబుతానంటున్నాడు.