గురువారం వంట

ఈఎస్ఐ దవాఖానలో కౌంటర్ దగ్గరి మనిషి కంప్యూటర్‌లో చూసి, "మీ పేరు తీసేసిండ్రమ్మా" అన్నాడు.

నా కూతురు జోస్నా కడుపు పట్టుకుని నిలబడి ఉంది. దానికి గర్భసంచిలో గడ్డ. ఆలస్యం చేయకుండా తీయించమని ఎల్.బి.నగర్‌లో డాక్టరమ్మ చెప్పింది. ప్రైవేటులో చేయించే స్తోమత మాకు లేదు. తెల్లకార్డు ఇంకా రాలేదు. నెలనెలా జీతంలోంచి కోసే ఈఎస్ఐ ఉంది కదా, ఆపరేషన్ అందులో అవుతుందన్న ధైర్యంతో వచ్చాం.

"ఎవరు తీసిండ్రు?"

"మీ ఓనరే. జీతం ఇరవై ఒక్క వేలు దాటితే ఈఎస్ఐ ఉండది. నిరుడే దాటిందని చూపిచ్చిండు."

జోస్నా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. జీతం పద్దెనిమిది వేలు. గురువారం సెలవు. ఆ రోజు బయట పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు సొంతంగా ఆర్డర్లు పట్టి వండుతుంది. పిలిచేది ఎక్కువగా హాస్టల్ యజమాని పట్టాభి బంధువులే. వాళ్లిచ్చే డబ్బు ఆయన తీసుకుని, జీతంతో కలిపి బ్యాంకులో వేస్తున్నాడు. రెండూ కలిసేసరికి లెక్క ఇరవై ఒక్క వేలు దాటింది. "విడివిడిగా ఎందుకమ్మా, ఒకేసారి పడుతుంది" అన్నాడు. నిరుడు ఈఎస్ఐ కోత ఆగిపోతే, మన మీద దయతలచి ఆపాడనుకుని ఈ పిచ్చిది ఆయనకు దండం పెట్టింది.

దండం పెట్టించుకున్నాడు. తను కట్టాల్సిన వాటానూ మిగుల్చుకున్నాడు.

బస్సులో హాస్టల్‌కు బయలుదేరాం. నా భర్త దానియేలును దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. జోస్నా మొగుడు చెప్పకుండానే ఇల్లు విడిచి పోయాడు. ఇది సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంటే, ఊపిరి ఆడుతోందా అని దాని మెడకేసే చూస్తూ కూర్చున్నాను.

హాస్టల్‌కు పోయి అడిగితే పట్టాభి నవ్వాడు.

"సంపాదన పెరిగిందని సంతోషించాలి గానీ, ఏడుస్తారేంటండీ కాంతమ్మగారూ? గవర్నమెంటు రూలు. నేనేం చేస్తాను?"

"హాస్టల్‌ల సంపాదించింది వేరు, సెలవునాడు సంపాదించింది వేరు సారు."

"అంతా నా ఖాతాలోంచే కదా పడింది. అంతా జీతమే. ఈ వయసులో మీకెందుకివన్నీ, ప్రార్థన చేసుకోండి."

జోస్నా నా కొంగు లాగింది. ఉన్న పని పోతుందని దాని భయం. మేం గేటు దాకా వచ్చాక ఆయన వెనక నుంచి కేకేశాడు. "జోస్నా, గురువారం మా చెల్లెలి గృహప్రవేశం. పొద్దున్నే వచ్చెయ్."

గురువారం దాని వెంట నేనూ వెళ్లాను. కర్మన్‌ఘాట్‌లో కొత్త ఇల్లు. పెరట్లో గ్యాసు పొయ్యిలు, కడిగిన బియ్యం, తరిగిన వంకాయలు. జోస్నా వంగలేక వంగి పొయ్యి ముట్టించబోతే లైటరు లాక్కున్నాను.

"అమ్మా, జర ఊకో. ఇజ్జత్ తియ్యకు."

"నీ కడుపుల గడ్డ పెట్టుకొని నాకు ఇజ్జత్ గురించి చెప్తున్నవా?"

పట్టాభి పట్టుపంచె సర్దుకుంటూ వచ్చాడు. వెనకే ఆయన చెల్లెలు సీతామహాలక్ష్మి.

"ఇంకా పొయ్యి వెలిగించలేదేంటి?"

"ఒక్కటి చెప్పు సారు. ఇయ్యాల్టి వంట నా బిడ్డకు జీతమా, ఆర్డరా?"

"ఇప్పుడా ఆ గొడవ?"

"జీతమైతే ఇయ్యాల సెలవు, మేం పోతం. ఆర్డరైతే నీ హాస్టల్‌కు దీంతోని ఏం పని?"

సీతామహాలక్ష్మి అన్న వైపు తిరిగింది. "జీతమేంటన్నయ్యా? వంటావిడకని నీకు విడిగా ఇచ్చానుగా."

"ఆర్డరేలే" అని ఆయన గొణిగాడు.

"గట్టిగ చెప్పు. నాకు చెవుడు."

"ఆర్డరేనండీ."

"గదే ఈఎస్ఐ ఆఫీసుల చెప్పు, పద."

"వంట కానివ్వండి, మధ్యాహ్నం వెళ్దాం."

"మధ్యాహ్నం నువ్వు దొరుకుతవా?"

"మనుషులేనా మీరు? ఇంట్లో శుభకార్యం పెట్టుకుంటే..."

"నా బిడ్డ పోతే నాకు ఇల్లే లేదు సారు. నీకు కొత్తది కూడ వచ్చింది."

జోస్నా తల వంచుకుని నిలబడింది. నన్ను ఆపుతుందనుకున్నాను. అది చేతులు కడుక్కుని, బియ్యం గిన్నె మీద మూత పెట్టింది.

"మీరు పోయి రాండి సారు. నేను గీడనే కూసుంట. అమ్మ ఫోన్ చేస్తేనే ముట్టిస్త."

సీతామహాలక్ష్మి అన్నకు కారు తాళం అందించింది.

ఆఫీసు లైనులో ఆయన పట్టుపంచెతో నిలబడితే అందరూ చూశారు. చూడనీ. లోపల ఆఫీసరుకు నేను చెప్పనక్కర లేకపోయింది. సెలవునాటి వంట తన హాస్టల్ పని కాదని, పొరపాటున కలిపానని ఆయనే చెప్పాడు. పొరపాటట. ఆపిన నెలలవన్నీ వడ్డీతో కడితే జోస్నా పేరు మళ్లీ ఎక్కిస్తామన్నాడు ఆఫీసరు.

"సరే, రేపు మా అకౌంటెంటు కట్టేస్తాడు" అని పట్టాభి లేచాడు. "ఇక ఫోన్ చెయ్యండి తల్లీ. చుట్టాలు వచ్చేస్తున్నారు."

నేను కుర్చీలోంచి లేవలేదు.

"నీ ఫోన్లనే కట్టొచ్చట కద సారు. కట్టు. నేను చూస్తనే ఉన్న."