మలుపు దగ్గరి చెక్క ఇల్లు

ఆ మలుపులో చచ్చింది ఇద్దరు. ఇల్లు కట్టింది ఒక్కడికే.

ఎర్మిందాకి ఇది కొత్త సంగతీ కాదు, వాదించే సంగతీ కాదు. సరస్సు మీదికి ఒరిగిన ఆ కంకర రోడ్డు మలుపులో ఆమె మరిది లిసాండ్రో తాగి లారీ తోలి కిందికి పోయాడు. పక్క సీట్లో ఆమె చెల్లెలు నోల్ఫా ఉంది. దారిలో హఠాత్తుగా పోయినవాళ్ల ఆత్మ అక్కడే ఉండిపోతుందని, అక్కడ మోకాలెత్తు చెక్క ఇల్లు పెట్టడం ఆ కొండల్లో ఆనవాయితీ. అత్తగారు దోన్యా ఆర్సెనియా పెట్టించింది. కొడుకు పేరొక్కటే చెక్కించింది. "పెళ్లీ పెటాకులూ లేకుండా వాడి పక్కన ఎక్కి కూచున్నదానికి నా కొడుకింట్లో చోటేంటి?" అంది. ఆ ఇంటికి రంగులేసేది, కొవ్వొత్తులు వెలిగించేది, వాడిన పూలు తీసేది మాత్రం ఎర్మిందా. ఆడవాళ్ల పని కదా అన్నాడు మొగుడు కుస్తోదియో. చెల్లెల్ని చంపినవాడి గడప ఊడవడం కూడా ఆడవాళ్ల పనే అయింది.

ఆ ఏడు ఆ రోడ్డుని పర్యాటకుల కోసం అందాల రహదారి చేస్తామని రాజధాని సాంతియాగో నుంచి మనుషులు దిగారు. ఊరి సంఘానికి పెద్ద కుస్తోదియో కాబట్టి మీటింగులన్నీ ఎర్మిందా వంటింట్లోనే. రొట్టె ఆమె కాల్చాలి, మాతే ఆకు టీ ఆమె కాచి పోయాలి, బురద బూట్లు నడిచిన నేల ఆమె తుడవాలి. వాళ్లు బల్ల మీద మ్యాపు పరిచి ఏ చెట్టు కొట్టేస్తే సరస్సు బాగా కనబడుతుందో, ఏ ఇంటి కప్పుకి ఏ రంగుండాలో తేల్చేవారు. ఒకరోజు ఆమె బట్టల తీగ సంగతి వచ్చింది. రోడ్డు మీంచి చూస్తే లంగాలు, లోదుస్తులు కనబడుతున్నాయట, ఫొటోలు పాడవుతాయట. కట్టెల మోపు కూడా వెనక్కి తీసెయ్యాలన్నారు. "దాందేముంది, మా ఆవిడ చూసుకుంటుంది" అన్నాడు కుస్తోదియో, ఆమె వైపు తిరగనైనా తిరక్కుండా. ఇంటి వెనక ఎండ పడదు. తడిబట్టలు అక్కడ వారమైనా ఆరవు. ఆయన చొక్కా పొద్దున్నే పొడిగా ఇస్త్రీ చేసి ఉండాలి, అదెలా ఆరిందో ఆయనకి అక్కర్లేదు. ఈ లోయలో చూడదగ్గవి ఏవేవని అన్ని రోజులు లెక్కలేశారు కదా, ఆ లెక్కలో నీళ్లున్నాయి, రాళ్లున్నాయి, గుర్రమెక్కిన మగాళ్లున్నారు. చలికాలం పొడుగునా గొడ్డలి పట్టింది తను. తను మాత్రం కనబడకూడనివాటిలో తేలింది.

చివరికి మలుపు దగ్గరికొచ్చారు. అక్కడ బళ్లు ఆపి సరస్సు చూసేందుకు అరుగు కట్టాలి. చెక్క ఇంటిని పక్కన రాతిదిమ్మె మీదికి మార్చాలి. కీడని కూలీలు మేం ముట్టుకోం అన్నారు.

"ఎవరు సేవ చేస్తున్నారో వాళ్లే ఎత్తాలంటున్నారు" అన్నాడు ఇంజనీరు ఇబార్రా.

"మా ఎర్మిందా ఎత్తుతుంది" అన్నాడు కుస్తోదియో.

"పక్కన బోర్డు పెడదాం కుస్తోదియో గారూ. మీరు చెప్పారుగా, ఈ రోడ్డు కోసం ప్రాణమిచ్చిన లారీ డ్రైవరు అని."

"రోడ్డు కోసమా?" అంది ఎర్మిందా పొయ్యి దగ్గర్నించి. "సారా కోసం."

"నోర్ముయ్" అన్నాడు మొగుడు.

"రాస్తే ఇద్దరి పేర్లూ రాయండి. నా చెల్లెలూ అక్కడే పోయింది."

అత్తగారు మాతే తాగే గొట్టం నోట్లోంచి తీసింది. "ఇకిలించుకుంటూ వాడి మీద పడకపోతే వాడి చూపు రోడ్డు మీదే ఉండేది. రాస్తారా, అదీ రాస్తారా?"

ఇబార్రా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ జనం ఇక్కడికి సంతోషపడ్డానికొస్తారు. ఒక పేరుంటే కథ. రెండుంటే యాక్సిడెంటు."

ఎవరో నవ్వారు. కుస్తోదియో ఖాళీ పళ్లెం ఆమె వైపు తోశాడు, ఇంకో రొట్టె కోసం.

మర్నాడు పొద్దున అందరూ మలుపు దగ్గర చేరారు. కూలీలు టోపీలు తీసి దూరంగా నిలబడ్డారు. ఎర్మిందా మోకాళ్ల మీద కూచుంది. ప్రార్థన చేస్తోందనుకున్నారు. ఇన్నేళ్లూ ఆమె ఆ చెక్కల దగ్గర చెల్లెలితో గుసగుసగా మాట్లాడేది, ఇంకెక్కడా మాట్లాడే వీల్లేక. ఇప్పుడనిపించింది, నోల్ఫా ఇందులో ఏనాడూ లేదు. తలుపే తియ్యనివాళ్ల ఇంట్లో అదెందుకుంటుంది? ఇంతకాలం తను ఊడ్చింది వట్టి లిసాండ్రో ఇల్లు.

చెక్క ఇంటిని రెండు చేతులా ఎత్తింది. రాతిదిమ్మె వైపు వెళ్లలేదు. తిన్నగా మొగుడి ముందుకెళ్లి చాచింది. కుస్తోదియో అలవాటు కొద్దీ చేతులు చాపి పట్టుకున్నాడు. ఆమె ఏది అందించినా అందుకోవడమే ఆయనకి తెలుసు.

"మీ తమ్ముడు. మీరే చూసుకోండి."

కూలీల మేస్త్రీ గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. "కుస్తోదియో గారూ, చేతులు మారింది. ఇంక దాని సేవ మీదే. ఇంకెవరు ముట్టుకున్నా కీడే."

"ఎర్మిందా! ఇలా రా! తీసుకో దీన్ని!"

ఆమె వెనక్కి తిరగలేదు. ఆయన చేతుల్లోంచి దాన్ని రాతిదిమ్మె మీద దించడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. ఇబార్రా కూడా.

వేసవిలో బళ్లు రావడం మొదలైంది. కుస్తోదియోకి పూలు మార్చడం గుర్తుండదు. కొవ్వొత్తుల మైనం కారి గడప నల్లబడింది, లోపల ఎలుక గూడు పెట్టింది. పర్యాటకులు ముక్కులు మూసుకుంటున్నారని పైనుంచి మాటొచ్చింది. అప్పుడు అత్తగారు వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఏనాడూ లేనిది గొంతు మెత్తబరిచింది.

"నీ చెల్లెలి పేరు కూడా చెక్కిస్తాంలేవే. ఇబార్రా సరేనన్నాడు. నువ్వొచ్చి కాస్త శుభ్రం చేసిపో, ఎప్పటిలాగే."

"కూలీ కింద ఇస్తున్నారా దాని పేరు?"

"అదేం మాట! ఇంతకాలం నువ్వడిగిందేగా?"

ఎర్మిందా పిండి చేతులు కడుక్కుని తుడుచుకుంది.

"అడిగాను. ఇంక ఆ పేరు మీ నోట రాకూడదు. ఆ మలుపు సంగతి నేనెత్తను, నా దగ్గర మీరూ ఎత్తకండి. బతికున్నంతకాలం."