ఎర్ర తువ్వాలు గేటు తాకేదాకా

బూట్ల తాళ్లకు రెండో ముడి వేసి, ఎర్ర తువ్వాలు ఒక కొసను నిక్కరు నడుం పట్టీలోకి గట్టిగా దోపుకున్నాడు తోకన్న. రెండో కొస తొడ వెనక వేలాడింది. సన్నటి మనిషి. మీసం పూర్తిగా నెరిసింది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ మోచేతుల దాకా కాలిన మచ్చలు.

పొద్దున్నే మైదానం గేటు దగ్గర పోగయ్యే ఈ పరుగు జట్టులో తువ్వాలు కట్టుకున్నవాడే తోక. అందరికంటే నెమ్మదిగా వచ్చే మనిషి వెనకే రావడం అతని పని. గేటుకు వేలాడే సంచీలో అరటిపళ్లుంటాయి. ఎర్ర తువ్వాలు గేటు తాకేదాకా వాటిని ఎవరూ ముట్టరు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే.

మెట్ల మీద కాళ్లు సాగదీసుకుంటూ అందరూ లక్ష్యాలు ఏకరువు పెడుతున్నారు. ఆదివారం ఊరి పరుగు, పది కిలోమీటర్లు.

"ఈసారి గంట లోపు కొట్టాల్సిందే," అన్నాడు బ్యాంకాయన. పోయినేడాదీ ఇదే మాట అన్నాడు.

"ముందు పంచదార మానండి సార్. ఒళ్లు తేలికైతే గంట దానంతటదే దిగొస్తుంది," అంది పళ్ల డాక్టరమ్మ.

"అందరూ మానేస్తే మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు మేడమ్?" అన్నాడు వ్యాను డ్రైవరు.

బడి క్యాంటీన్లో వంట చేసే ఆమె మాత్రం తోకన్న వైపు తిరిగింది. గుండ్రటి మనిషి, మాట్లాడితే గరిట తిప్పినట్టు చెయ్యి తిప్పుతుంది.

"అన్నా, రాత్రిపూట అన్నం తగ్గించి గుడ్డు తిను. అందుకే నీకు అడుగు లేవట్లేదు. రోజూ నా వెనకే పడుంటున్నావు, చూస్తే నాకే జాలేస్తోంది."

డ్రైవరుకు నవ్వాగలేదు. తోకన్న ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు మింగి దగ్గాడు.

"అలాగే చెల్లెమ్మా, తింటాను."

తనకంటే నెమ్మదిగా పరిగెత్తే మనిషి ఒకడున్నాడని ఆమె నిజంగానే నమ్మింది. ఆ నమ్మకాన్ని చెడగొట్టనివ్వలేదు తోకన్న. ఒకప్పుడు అతను అందరికంటే ముందుండేవాడు. ఇంట్లో ఆఖరివాడు, బళ్లో ఆఖరి బెంచీ, ఆస్పత్రిలో ఆఖరి గది. ఈ రోడ్డు మీద మాత్రం మొదటివాడు. ఒకరోజు అందరూ పళ్లు తిని ఇళ్లకు బయల్దేరుతుంటే, జట్టులోని ముసలి గుమాస్తా ఇంకా రాలేదని అతనికి తట్టింది. వెనక్కి వెళ్తే వంతెన మీద పిక్క పట్టేసి కూర్చుని ఉన్నాడు ఆ పెద్దాయన. మర్నాటి నుంచి తువ్వాలు వచ్చింది, పళ్ల కట్టుబాటు వచ్చింది. పేపర్లు ముందొచ్చినవాడి ఫొటో వేస్తాయి. వెనకబడ్డవాడి పక్కన ఎవరున్నారని ఏ పేపరూ అడగదు. అడక్కపోతే పోయె. ఎవడో ఒకడు ఉండాలి కదా.

వంటామెకు ఆదివారం ఆగకుండా చేరాలని పట్టుదల. చదువు మధ్యలో మాన్పించారు. కుట్టు నేర్చుకుంటుంటే పెళ్లి చేశారు. మొదలుపెట్టిన పని ఒక్కటైనా చివరికంటా తీసుకెళ్లాలని ఆమె కోరిక. వంతెన ఎత్తు దగ్గరికొచ్చేసరికి రోజూ ఆగిపోతుంది. "నువ్వు వెనకుంటే లాగించేస్తా అన్నా" అంటుంది. అక్కడే వచ్చింది తంటా. పోయిన వారం ఆస్పత్రి వరండాలో డాక్టరు తోకన్నను ఆపి గుండె పరీక్ష చేయించాడు. ఇక పరుగు మాట తలపెట్టొద్దు, మందులేసుకుని నడువు చాలన్నాడు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలీదు. వంటామెకు ఇవాళైనా చెప్పాలి. చెబితే ఆమె ఆదివారం ఇంట్లోంచి కదలదు.

తోకన్న తువ్వాలు లాగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవాళ తోక నువ్వు. నా ఒంట్లో బాలేదు. నన్ను వదిలెయ్యకు."

"నేనా? భలేవాడివే."

"మరెవరు? మిగతావాళ్లంతా ఎక్కడో ముందుంటారు, రోజూ నాకు దగ్గర్లో ఉండేది నువ్వేగా?"

ఆ లెక్క ఆమెకు సబబుగానే తోచింది. తువ్వాలు నడుముకు దోపుకుంది. నాలుగడుగులకే జారింది. మళ్లీ దోపింది, మళ్లీ జారింది. చివరికి కొసను పిడికిట్లో పట్టుకునే పరిగెత్తింది.

తోకన్న నడకకు కాస్త ఎక్కువ, పరుగుకు కాస్త తక్కువగా కదిలాడు. వంతెన ఎత్తులో ఛాతీ ఎడమ పక్క ఎవరో బొటనవేలితో నొక్కినట్టయింది. బూటు తాడు సాకుతో వంగబోయాడు.

"వంగకు అన్నా, వంగితే లేవలేవు," వెనక నుంచి వంటామె గదమాయించింది. "చిన్న చిన్న అడుగులెయ్. పైకి చూడకు, నేల చూడు. ఇల్లేమన్నా కాలిపోతోందా? నడూ, నేనున్నాగా."

ఒక్కొక్క ముక్కా అతను ఆమెకు చెప్పిందే. తోకన్న నేల చూసి నవ్వుకున్నాడు. ఇద్దరూ అలాగే వంతెన దిగారు, అలాగే గేటు తాకారు. పళ్ల సంచీ మీద జనం పడ్డారు.

వంటామె పండు వలుస్తూ వలుస్తూ చెయ్యి ఆపింది.

"అన్నా, నేనెక్కడ ఆగాను?"

"ఆగలేదు."

ఆమె వంతెన వైపు చూసింది. తర్వాత అతని మొహం చూసింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"ఆస్పత్రిలోనే ఉంటావుగా, చూపించుకోకుండా ఉండవు. డాక్టరేమన్నాడు?"

"నడవమన్నాడు."

"మరి ఇందాక పరిగెత్తావేం?"

"నువ్వు తిడుతుంటే నడుస్తానా?"

ఆమె నవ్వలేదు. తన పండులో సగం తుంచి అతని నోటి దగ్గర పెట్టింది, పిల్లాడికి పెట్టినట్టు.

"ఆదివారం నేను గేటు దగ్గర పళ్ల సంచీ పట్టుకుని ఉంటా," అన్నాడు తోకన్న నములుతూ. "తోక నువ్వే."

"అయితే తువ్వాలు ఉతికి తెస్తాను."

"నా బతుకంతా ఉతుకుడే. ఇటియ్యి."

ఆ రోజు కూడా లాండ్రీ ఎప్పటిలాగే పొగలు కక్కింది. వార్డుల నుంచి బండ్ల మీద దుప్పట్లు వచ్చాయి. రక్తం మరకలవి ఒక పక్క, మందు మరకలవి ఒక పక్క వేశాడు. ఆ గదికి ఫ్యాను పెట్టమని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. పైవాళ్లకు చెమట పట్టదు కాబట్టి వినపడదు. తోటి ఇస్త్రీ మనిషి రెండుసార్లు కూర్చోమన్నాడు. మధ్యాహ్నం మాత్రం కూర్చున్నాడు, చేతిలో ఏదో చిన్న పని పెట్టుకుని. ఏంటని అడిగితే, "ఆదివారం పని," అన్నాడు.

సాయంత్రం భార్య బంగాళాదుంపలు ఉడకేసింది. తోకన్న నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనించాడు. ఎంత అలిసినా ఇలా కాసేపు పడుకుంటే పిక్కల్లో బరువు దిగుతుందని జట్టులో అందరికీ నేర్పింది అతనే.

"క్యాంటీన్ చెల్లెమ్మ వస్తే, తువ్వాలు లాండ్రీ అరలో ఉందని చెప్పు."

"మీరే చెప్పండి. పొద్దున కలుస్తారుగా."

అతను ఊఁ అన్నాడు. దుంపలు తొక్క తీసి, ఉప్పు జల్లి, కంచం తెచ్చింది ఆమె.

"ఏమండీ, కాళ్లు దించండి, తిందురుగాని."

కాళ్లు గోడ మీదే ఉన్నాయి. ఆమె కంచం కింద పెట్టి, పాదం పట్టుకుని చూసింది. అప్పటికే చల్లబడుతోంది. పక్కన కూర్చుని, ఆ కాళ్లను ఒకటొకటిగా కిందికి దించింది.

జట్టు జట్టంతా పరుగు బూట్లతోనే అతని పాడె మోసింది. బ్యాంకాయన గంట సంగతి ఎత్తలేదు.

శనివారం వంటామె ఆ ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"రేపు నేను పోను వదినా. గేటు దగ్గర ఎవరున్నారని?"

"నాకు పరుగుల సంగతి తెలీదమ్మా," అంది తోకన్న భార్య. "లాండ్రీలో తువ్వాలుందని మాత్రం నీకు చెప్పమన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అది. చెప్పాను. ఇక నీ ఇష్టం."

వంటామె ఆస్పత్రి వెనక గదికి వెళ్లింది. తోటి ఇస్త్రీ మనిషి అర చూపించాడు.

తెల్ల దుప్పట్ల దొంతర పక్కన ఎర్ర తువ్వాలు ఉంది. ఉతికి, గంజి పెట్టి, అంచుకు అంచు కలిపి ఇస్త్రీ చేసి ఉంది. నడుముకు దోపుకునే కొసను రెండు పొరలుగా మడిచి, వంకరటింకర కుట్టు వేసి, జారకుండా దానికి ఒక పెద్ద పిన్నీసు గుచ్చి ఉంది.