మంగరాజు కుడికాలు

వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదిలి, మంగరాజు కుడికాలు పెడల్ మీద పెట్టాడు. చక్రం ఆగలేదు. ఇంకో రెండు చుట్లు తిరిగి, ఆగనా వద్దా అని ఆలోచించి, అప్పుడు ఆగింది.

షట్టరు కింద నుంచి పొగమంచు షెడ్డులోకి పాకుతోంది. ఫిబ్రవరి చివరి వారం, పొద్దున్న ఏడున్నర. అబుదాబి శివార్లలో గ్యారేజీల పేట ముసఫ్ఫా మొత్తం పాలలో ముంచి తీసినట్టుంది. ఎదురుగా టైర్ల షాపు కనపడట్లేదు, దాని బోర్డు మీద ఎర్ర లైటొక్కటే గాల్లో ఎవరో మర్చిపోయి వెళ్ళినట్టు వెలుగుతోంది. కంపెనీ బస్సు హారను ఎటునుంచో వినపడింది, ఎటో పోయింది.

ఇక్కడ మోటార్‌సైకిళ్ళు ఎండాకాలం పడుకుని చలికాలం లేస్తాయి. ఈ నీలం బండి మాత్రం చలికాలమంతా పడుకుంది. దీని యజమాని వైదేహి హైదరాబాదమ్మాయి, అబుదాబిలో ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని. దసరా అయిన వెంటనే ఆఫీసువాళ్ళు నాలుగు నెలలు హైదరాబాద్ పంపిస్తే బండికి గుడ్డ కప్పి, బిల్డింగు కింద చీకట్లో పెట్టి వెళ్ళింది. తిరిగొచ్చి బయటికి తీస్తే వెనక బ్రేకు పట్టట్లేదు. రేపు తెల్లారుజామున స్నేహితులతో కలిసి జబల్ హఫీత్ కొండెక్కాలి. ఎక్కేటప్పుడు ఇంజను చూసుకుంటుంది, దిగేటప్పుడు మాత్రం అన్నేసి మలుపుల్లో బ్రేకే చూసుకోవాలి. సాయంత్రం నాలుక్కి వస్తానంది.

మంగరాజుకి యాభై నాలుగేళ్ళు. సన్నటి మనిషి, ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది, కళ్ళజోడుకి ఒకవైపు పుల్ల బదులు నల్లదారం. బొటనవేలి గోరు ఊడి మళ్ళీ వచ్చింది కానీ వంకరగా వచ్చింది. ఈ గ్యారేజీలో ఇరవై మూడేళ్ళుగా బ్రేకులు చూస్తున్నాడు. డెలివరీ కంపెనీల బళ్ళన్నీ అతని ముందు నుంచే రోడ్డెక్కుతాయి. బండెక్కి పెరట్లో ఒక చుట్టు కొట్టి, కాలు నొక్కి, "ఆఁ" అంటాడు. ఆ ఆఁ అనకపోతే ముదీర్, అంటే గ్యారేజీ మేనేజరు, కూడా తాళం ఇవ్వడు. ఇన్నేళ్ళలో అనుమానం ఉన్న బండిని ఒక్కదాన్ని కూడా అతను బయటికి పంపలేదు. మంగరాజుకి చెప్పుకోవడానికి ఉన్నదల్లా ఆ ఒక్కటే.

రాజోలు బస్టాండు దగ్గర మోటారు బళ్ళ షాపులో పని నేర్పిన మేస్త్రి, బ్రేకుని చేత్తో నొక్కి చూస్తే ఒప్పుకునేవాడు కాదు. చేతికి తెలివెక్కువ, సర్దుకుపోతుంది, కాలు సర్దుకోదురా అనేవాడు. అప్పట్లో వట్టికాలితోనే చూసేవాడు మంగరాజు. పెడల్ కింద నూనె ఎంతుంది, గాలి ఎంతుంది, తీగ ఎక్కడ పట్టేస్తోంది, అన్నీ అరికాల్లోంచి ఎవరో గుసగుసగా చెప్పినట్టు తెలిసేవి.

కాలిపర్ విప్పి బ్రేకు ప్యాడ్లు బయటికి లాగాడు. పచ్చగా ఉన్నాయి. వాసన చూశాడు. పసుపు, నువ్వులనూనె. ముసఫ్ఫాలో ఆ వాసనకి ఒక్క క్షణం ఎక్కడున్నాడో అర్థం కాలేదు అతనికి, సత్యకుమారి తల అంటుకుని వరండాలో కూర్చున్న పొద్దుటిపూటలోకి వెళ్ళి వచ్చాడు. సత్యకుమారి అతని భార్య. ఆమె తొమ్మిదేళ్ళు మస్కట్లో ఇళ్ళలో పనిచేసి రెండేళ్ళ కింద రాజోలు తిరిగొచ్చేసింది. ఆమె సెలవుకీ అతని సెలవుకీ ఎప్పుడూ కుదరలేదు.

వైదేహికి ఫోన్ చేశాడు. ఆమెకి నవ్వాగలేదు. దసరాకి వాళ్ళమ్మ ఆదిలక్ష్మి వచ్చిందట, ఆయుధపూజ చేసిందట, డిస్కు గుండ్రంగా విష్ణుచక్రంలా ఉందని దానికి రెండువైపులా పసుపు పూసిందట, రాలిపోకుండా నూనెలో కలిపి మరీ.

"డిస్కుకి నలుగు పెట్టేసేరండమ్మా," అన్నాడు మంగరాజు. "తానం చేయించడం మర్చిపోయేరు."

పక్క బేలో పనిచేసే రమీజ్ ముల్తాన్ మనిషి, పదేళ్ళ స్నేహం. పచ్చటి ప్యాడ్లు చూసి, ఈ బండికి పెళ్ళెప్పుడైంది రాజు భాయ్, మాకు బిర్యానీ ఏదీ అన్నాడు.

కొత్త ప్యాడ్లు వేశాడు. డిస్కుని స్పిరిట్టుతో మూడుసార్లు కడిగాడు. చక్రం తిప్పి కాలు పెట్టాడు. ఆగింది కానీ ఆలస్యంగా ఆగింది.

గాలి చేరి ఉంటుంది అనుకున్నాడు. గొట్టం పెట్టి, కింద కూర్చుని ఎడమచేత్తో పెడల్ నొక్కుతూ కుడిచేత్తో గాలి వదిలే నిపుల్ వదులు చేస్తుంటే, మరిగిన టీ రంగులో పాత నూనె, దాని వెనక చిన్న చిన్న బుడగలు, ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. బుడగలు ఆగేదాకా చేశాడు. కొత్త నూనె పోశాడు. చేత్తో నొక్కితే పెడల్ రాయిలా ఉంది. లేచి నిలబడి కాలితో నొక్కితే దూదిలా ఉంది.

మళ్ళీ కూర్చున్నాడు. రాయి. మళ్ళీ లేచాడు. దూది.

చెయ్యి సర్దుకుపోతోంది అనుకున్నాడు మంగరాజు.

ఈమధ్య అసలు నేలే మెత్తబడినట్టుంటోంది అతనికి. పనివాళ్ళ క్యాంపులో తన గది గచ్చు మీద ఎవరో పల్చటి పరుపు వేసినట్టు, గోదావరి లంకలో ఒండ్రు మీద నడుస్తున్నట్టు. మొన్న బాత్రూముకెళ్ళి చూసుకుంటే ఎడమకాలికే చెప్పుంది, రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. బాధేమీ లేదు. బాధ లేకపోవడం హాయిగానే ఉంది. వయసు అనుకున్నాడు, పొగమంచు అనుకున్నాడు.

పదకొండుకి మంచు విడిచింది. బండెక్కి పెరట్లో తిప్పాడు. గోడ ముందు గీసిన తెల్లగీత దగ్గర ఆగాలి. గీత దాటేసి, అవతల పేర్చిన పాత టైర్లకి మెల్లగా వెళ్ళి ఆనుకుంది బండి, అలిసిపోయిన గేదెలాగ. రమీజ్ వచ్చి, నేనొకసారి చూస్తాను అన్నాడు. మంగరాజు ఒప్పుకోలేదు. పెడల్ దగ్గరున్న సిలిండరు విప్పి లోపల రబ్బర్లన్నీ మార్చాడు. అన్నం తినలేదు. మళ్ళీ నూనె, మళ్ళీ బుడగలు, మళ్ళీ తెల్లగీత. ముదీర్ అబ్దుల్ రహీం గ్లాసు గదిలోంచి రెండుసార్లు తొంగిచూసి, ఒక్క బండికి ఇంతసేపా అన్నాడు. అన్నాడే గానీ తాళం అడగలేదు. పెద్దాయన ఆఁ అనలేదుగా.

నాలుక్కి వైదేహి వచ్చింది, చేతిలో హెల్మెట్, కొత్త బూట్లు.

"ఏమైంది అంకుల్, ఇంకా అయితలేదా?"

"అవ్వలేదండమ్మా. ఈ బండితో రేపు కొండెక్కకండి."

"పొద్దున నలుగు వల్లనే అన్నరు కదా."

"అదీ ఉందండి. దాని కింద ఇంకోటేదో ఉంది, దొరకట్లేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పొద్దుట్నుంచి ఎతుకుతున్నానండి."

వైదేహికి దిగులేసింది. ఒక్క చుట్టు ఇక్కడ్నే తిప్పి చూస్తానంది. మంగరాజు వద్దన్నాడు, ఆమె అప్పటికే ఎక్కేసింది. గేటు దాకా వెళ్ళి తిరిగి, మామూలు వేగంతో వచ్చి, తెల్లగీతకి ఇంకా నాలుగు బారలుండగా పెడల్ నొక్కింది. వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోయి కీచుమంది. బండి తోక ఊగింది. ఆమె కాలు నేలకి తన్ని నిలబెట్టుకుంది. సిమెంటు మీద బెత్తెడు వెడల్పున నల్లచార పడింది.

"అంకుల్, దీన్ని వీక్ అంటరా? కాలు గిట్ల ఆనిస్తేనే కొరుకుతుంది."

రమీజ్ కూడా ఎక్కాడు. అతనికీ అక్కడికక్కడే ఆగింది. ఇద్దరూ వంగి పెడల్ చూస్తున్నారు, డిస్కు చూస్తున్నారు. మంగరాజు ఒక్కడే తన బూటుకేసి చూసుకున్నాడు.

షెడ్డు వెనక్కి వెళ్ళి డ్రమ్ము మీద కూర్చుని కుడిబూటు విప్పాడు. మేజోడు లాగితే ఇనుప వాషర్ ఒకటి టంగుమని కిందపడింది. అరికాల్లో దాని గుండ్రటి అచ్చు, లోతుగా, అంచుల్లో నల్లబడిన రక్తం. ఎప్పుడు పడిందో బూటులో, పొద్దున్నో నిన్ననో. దాని మీదే రోజంతా నడిచాడు, దాని మీదే నొక్కాడు. బొటనవేలితో అరికాలిని అదిమి చూశాడు. వేలికి కాలు తెలుస్తోంది. కాలికి వేలు తెలియట్లేదు.

వాషర్ తీసి జేబులో వేసుకుని, బూటు తొడుక్కున్నాడు.

తిరిగి వచ్చేసరికి వైదేహి తాళం కోసం చూస్తోంది. "ఓకేనా అంకుల్? తీస్కపోవాల్నా?"

"నన్నడక్కండమ్మా," అన్నాడు మెల్లగా. "బ్రేకు బాగుంది. నా కాలే బాలేదు."

ఆమె రమీజ్ చేతిలోంచి తాళం అందుకుంది. బండి స్టార్ట్ చేసి, గేటు దగ్గర ఆగి వెనక్కి ఒకసారి చూసి, వెళ్ళిపోయింది.

అబ్దుల్ రహీం గ్లాసు గదిలో మంగరాజు నిలబడే చెప్పాడు. ముదీర్ కేరళ మనిషి, చెడ్డవాడు కాదు. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఇది ఎవరికీ చెప్పొద్దన్నాడు. చేత్తో పని చెయ్యి, రమీజ్ నొక్కుతాడు, నువ్వు పక్కన నిలబడి ఆఁ అను చాలు. వీసా ఇంకో రెండేళ్ళు కొట్టిస్తాను.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునే హిందీలోనే మంగరాజు జవాబిచ్చాడు, నెమ్మదిగా, ఒక్కో మాట ఏరుకుంటూ. "బాగున్న బ్రేకుని బాలేదంది ఈ కాలు. రేపు బాలేనిదాన్ని బాగుందంటే? ఎవడి కొడుకో డెలివరీకెళ్తాడు దాని మీద." తలుపు తీస్తూ, "ఖలాస్, ముదీర్," అన్నాడు.

క్లినిక్కులో డాక్టరమ్మ షగుఫ్తా కళ్ళు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ దారంతో అరికాలిని పది చోట్ల తాకింది. ఎక్కడెక్కడ తాకానో చెప్పమంది. అతను రెండు చోట్లే చెప్పాడు, వాటిలో ఒకటి ఆమె తాకనే లేదు. షుగరు ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికి తెలుసు. మాత్రలు రాసిచ్చి, ఇకమీదట నీ కాలు నీకేమీ చెప్పదు, రోజూ నువ్వే చూసుకోవాలి అంది. వంగి చూసుకోలేకపోతే అద్దం పెట్టుకొమ్మంది. తుక్కులో పడేసిన ఒక బండి సైడు అద్దం తెచ్చుకున్నాడు మంగరాజు. క్యాంపు గదిలో స్నానమయ్యాక మంచం అంచున కూర్చుని, అద్దాన్ని నేలమీద వెల్లకిలా పెట్టి, దాని పైన పాదం చాపి, ఊరివాడెవడో చాలా ఏళ్ళకి కనపడితే చూసినట్టు దాన్ని చూసుకునేవాడు.

ఫోన్లో సత్యకుమారికి అంతా చెప్పి, వచ్చేస్తున్నానన్నాడు. ఆమె ఏడవలేదు. ఏ పూట దిగుతావు, అన్నం ఎన్నింటికి వండను అని అడిగింది.

మార్చి మూడో వారంలో ఒక మధ్యాహ్నం రమీజ్ మంగరాజు పెట్టె మోసుకుని క్యాంపు గేటు దాకా వచ్చాడు. మంగరాజు చూపంతా తన పాదాల మీదే ఉంది, ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటూ జాగ్రత్తగా నడిచాడు. ఎయిర్‌పోర్టు వ్యాను ఎక్కాక కిటికీలోంచి చెయ్యి ఊపాడు, అంతే.

గదిలో కింది మంచం ఖాళీ అయింది. పరుపు చుట్టేసి ఉంది, గోడ మేకులకి బట్టల్లేవు, కిటికీలోంచి ఎండ గచ్చు మీద పలకలా పడింది. మంచం కాళ్ళ దగ్గర, ఒక మూల పగిలిన మోటార్‌సైకిల్ అద్దం వెల్లకిలా పడి ఉంది, దాని లోపల చాలా లోతున ఫ్యాను మెల్లగా తిరుగుతోంది.