నలభై ఒకటో శాతం

ఆ ఆదివారం పొద్దున్నే లిఫ్టు మెకానిక్కుకి ఒళ్ళు మండింది. ఫోనులోకి ఒక బొమ్మ వచ్చింది. పంపినవాడు తోడల్లుడు. బొమ్మలో ఒకే ఒక అంకె, దాని చుట్టూ ఎర్రటి సున్నా. సెకనుకి నూట నలభై రెండు మెగాబైట్లు. కింద ఒక ముక్క కూడా రాశాడు. "మీది ఎంతొచ్చింది అన్నయ్యా?"

మెకానిక్కుది నలభై ఎనిమిది.

ఇద్దరిళ్ళలోనూ సర్వర్లున్నాయి, అంటే ఇంటిల్లిపాది ఫైళ్ళూ దాచే కంప్యూటర్లు. తోడల్లుడు పళ్ళ డాక్టరు. ఆయనది అందంగా తయారై అట్టపెట్టెలో వచ్చినది. మన మెకానిక్కుది పాత ఆఫీసు కంప్యూటర్లో ఆరు డిస్కులు బిగించి, తన చేత్తో తానే చేసుకున్నది. బట్టల బీరువా పక్కన స్టూలు మీద కూర్చుని ఇరవై నాలుగు గంటలూ గురక పెడుతుంటుంది. ఆరింటిలో ఐదు సామాను దాచుకునేవి. ఆరోది పారిటీ డిస్కు, అంటే ఆ ఐదింటి లెక్కా దగ్గర పెట్టుకునేది. ఏదైనా ఒక డిస్కు పోతే, మిగతావాటినీ ఈ లెక్కనీ కలిపి పోయినదాన్ని మళ్ళీ పుట్టించవచ్చు. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నెలకోసారి అన్ని డిస్కులనూ మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా చదివించాలి. అదే పారిటీ చెక్. నెలలో మొదటి ఆదివారం ఇద్దరు తోడల్లుళ్ళూ ఒకేసారి ఇది మొదలుపెట్టి, స్పీడు ఎంతొచ్చిందో బొమ్మ తీసి ఒకరికొకరు పంపుకోవడం అలవాటైపోయింది. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పందెమైతే పెట్టినట్టే నడుస్తోంది.

పైకి ఇది డిస్కుల గొడవే. కానీ చెల్లెలి మొగుడు డాక్టరు, అక్క మొగుడు మెకానిక్కు అయిన ఇంట్లో గొడవ డిస్కులతో ఆగదు. అత్తవారింట్లో కుర్చీ ముందు ఎవరికి వేస్తారో పదిహేనేళ్ళుగా చూస్తూనే ఉన్నాడాయన. మిషన్ల విషయంలో కూడా పళ్ళు పీకేవాడి చేతిలో ఓడిపోవడమా? తల కొట్టేసినట్టయింది.

నాలుగు నెలలుగా ఇదే వరస. చెక్ మొదలైనప్పుడు తొంభైలో పరుగెడుతుంది. నలభై శాతం దాకా బాగానే వెళ్తుంది. సరిగ్గా నలభై ఒకటో శాతం దగ్గరకొచ్చేసరికి కాళ్ళీడుస్తుంది. తొంభై కాస్తా పన్నెండు, ఏడు, ఆరు. మొత్తం సగటు నేలకంటుతుంది. మెకానిక్కు పళ్ళు కొరుక్కుని చెక్ ఆపేస్తాడు. మొదటి నెల వైర్లు మార్చాడు. రెండో నెల డిస్కులు తగిలించే కార్డు మార్చాడు. మూడో నెల ఫ్యాను మార్చి, బీరువా ఇంకో గోడకి జరిపించాడు. ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి చెక్ పెట్టడం, నలభై ఒకటి దగ్గర అది మొరాయించడం, ఈయన ఆపడం.

"ఇవాళ కూడా సర్వరు ముట్టుకోకూడదా?" అని తలుపు దగ్గర నిలబడి అడిగింది భార్య.

"చెక్ నడుస్తోంది కదే! నువ్వు తెరిస్తే ఉన్న స్పీడు కూడా పడిపోతుంది."

"నాకు పన్నెండు రోజులే ఉన్నాయండీ."

ఆవిడ బడిలో సైన్సు టీచరు. ఫిజియోథెరపీ చదివే ఒక అమ్మాయికి చూపు లేదు. ఆ పిల్ల పరీక్ష కోసం శరీర శాస్త్రం పుస్తకాన్ని పైకి చదివి రికార్డు చేసి ఇస్తోంది. ఆరు నెలలుగా బడి నుంచి రాగానే పడకగది తలుపేసుకుని, ఎముకలూ కండరాలూ కీళ్ళూ అన్నీ చదివేసింది. అవి ఆ పిల్లకి చేరిపోయాయి. ఇక మిగిలింది నరాల భాగం, ఏడు అధ్యాయాలు. రికార్డింగ్ అయిపోయింది. ఒక్కసారి మళ్ళీ విని తప్పులు దిద్ది పంపించడమే తరువాయి. తన లాప్‌టాప్‌లో చోటు చాలక వాటిని సర్వర్లో పెట్టి, ఇక్కడ చెరిపేసింది. చెరిపేయమన్నది ఈ మహానుభావుడే. "ఒక డిస్కు కాలి బూడిదైనా నీ గొంతుకి ఢోకా లేదు. పారిటీ ఉంది," అని ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు.

సోమవారం ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు చూడడానికి వెళ్ళాడు. నాలుగో అంతస్తు దగ్గర నెమ్మదిస్తోందని సెక్రటరీ గోల పెడుతున్నాడు.

"కాస్త స్పీడు పెంచి వెళ్ళవయ్యా, జనం నన్ను తినేస్తున్నారు," అన్నాడు సెక్రటరీ.

"స్పీడు పెంచితే ఏమొస్తుందండీ? రోజూ ఒకేచోట నెమ్మదిస్తోందంటే అక్కడేదో ఉందని చెప్తోంది. ముందు అది చూడనివ్వండి," అని కసిరి, షాఫ్టులోకి దిగి చూశాడు. నాలుగో అంతస్తు దగ్గర లిఫ్టు నడిచే పట్టా అతుకు వదులైంది. బిగించి, చేతులు తుడుచుకుని, చాలా గర్వంగా ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి సర్వర్లో మూడో డిస్కు పోయింది. తెర మీద ఎర్ర గుర్తు. భార్య అధ్యాయాలున్నది ఆ డిస్కులోనే.

నిజం చెప్పాలంటే ఆయనకి భయం వేయలేదు. పైగా లోలోపల కొంచెం సంబరం కూడా. పారిటీ ఉన్నది ఇందుకే కదా! కొత్త డిస్కు బిగించాడు. పోయినదాన్ని తిరిగి పుట్టించే పని మొదలుపెట్టాడు. భార్యని పిలిచి మరీ చూపించాడు. "చూస్తూ ఉండు, రేపు మధ్యాహ్నానికల్లా నీ నరాలు నీకు దక్కుతాయి."

మర్నాడు పొద్దున చూస్తే పని నలభై ఒకటి దగ్గరుంది. కాళ్ళీడుస్తోంది. ఈసారి పక్కన ఇంకో అంకె కూడా పెరుగుతోంది. ఐదో డిస్కులో చదవలేకపోయిన చోట్లు, వందల్లో. మూడో డిస్కు పుట్టాలంటే ఐదోది చదవాలి. ఐదోది అక్కడ చెడిపోయి ఎన్నాళ్ళయిందో! ఇప్పుడు ఆపడానికి కూడా లేదు, ఆపితే మూడోది సగంలోనే ఉండిపోతుంది.

సాయంత్రం పని పూర్తయ్యాక భార్యే ఒక అధ్యాయం తెరిచింది. నాలుగు నిమిషాలు ఆవిడ గొంతు చక్కగా వినిపించింది. తర్వాత ఇసుక రాచినట్టు ఒక చప్పుడు, ఆపైన ఏమీ లేదు. ఇంకోటి తెరిచింది. ఇంకోటి. ఏడింటిలో ఐదు అంతే. లాప్‌టాప్ మూసి మొగుడి వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి అక్కడ నెమ్మదిస్తోంది?"

"నాలుగు నెలలు."

"ఒక్కసారైనా చివరిదాకా వెళ్ళనిచ్చారా?"

నలభై ఒకటి దాటనిస్తే ఆ చెడిన చోటు అప్పుడే బయటపడేది. అప్పటికి ఆరు డిస్కులూ బతికే ఉన్నాయి, ఐదోదాన్ని మార్చేస్తే సరిపోయేది.

"ఇరవై ఏళ్ళుగా మీ నోట వింటున్నాను. లిఫ్టు ఒకేచోట నెమ్మదిస్తే బటన్లు నొక్కకండి, ఎందుకో చూడండి అని ఊరందరికీ పాఠాలు చెప్తారు. ఇంట్లో పెట్టె నాలుగు నెలలు మొత్తుకుంటే బీరువా జరిపించారా? ఆ డాక్టరుకి పంపే బొమ్మ కోసం?"

కోపమంతా తన మీదే. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక తోడల్లుడికి ఫోను చేశాడు.

"నీది మొత్తం చెక్ అయ్యేసరికి సగటు ఎంతొస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"మొత్తం ఎప్పుడు అవనిచ్చాను అన్నయ్యా? మొదటి పది నిమిషాల్లో మంచి స్పీడుంటుంది కదా, అప్పుడు బొమ్మ తీసి పంపి, ఆపేస్తాను."

"ఏడాదిగానా?"

"కొన్నప్పటి నుంచి."

తిడదామని నోరు తెరిచాడు గానీ తిట్టడానికి తనకేం మిగిలిందని? జరిగింది చెప్పాడు. డాక్టరు ఆ సాయంత్రమే మొహం వేలాడేసుకుని వచ్చాడు.

పది రోజుల్లో ఐదు అధ్యాయాలు. భార్యకి పగలంతా బడి, గొంతు అప్పటికే బొంగురుపోయింది. మూడు తాను చదువుతానంది. మిగిలిన రెండూ ఎవరు చదవాలో ఆవిడ చెప్పలేదు. చెరో అధ్యాయం జిరాక్సు తెచ్చి ఇద్దరు తోడల్లుళ్ళ ముందూ పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

డాక్టరుకి ఆ పేర్లన్నీ కాలేజీ రోజుల నుంచీ కంఠతా వచ్చు. నీళ్ళు తాగినంత సులువుగా ఒక్క మధ్యాహ్నంలో ముగించేశాడు. మెకానిక్కుకి ఐదు రోజులు పట్టింది. ప్రతి నరం పేరు దగ్గరా ఆగడం, మనసులో కూడబలుక్కోవడం, ఊపిరి తీసుకుని అనడం, తప్పితే మళ్ళీ అనడం. తన గొంతు తాను వింటే అవమానంగా ఉంది. పరీక్షకి చదువుకునే పిల్లకి ఈ నత్తనడక పంపించాలా అని ఏడుపొచ్చింది. కానీ పంపించకపోతే ఆ పిల్లకి ఆ అధ్యాయమే ఉండదు. పంపించాడు.

పరీక్షకి రెండు రోజుల ముందు ఆ అమ్మాయి ఫోను చేసింది. భార్య స్పీకరు పెట్టింది. తన జిరాక్సు కాగితాలు తిరిగిచ్చేయడానికి వచ్చిన డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు.

"అన్నీ అందాయి టీచర్. కానీ ఆ డాక్టరుగారిది ఎంత నెమ్మదిగా పెట్టుకుని విన్నా పేర్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. అంకుల్‌ది బాగుంది. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ కష్టమైన పేరు వస్తోందని నాకు ముందే తెలిసిపోతోంది. అక్కడ నేనూ ఆగి, రెండోసారి వింటున్నాను. డాక్టరుగారిది మాత్రం ఇంకెవరైనా మళ్ళీ చదవగలరా?"

డాక్టరు నేల చూపులు చూశాడు. మెకానిక్కుకి మాత్రం సంతోషం రాలేదు. చూపు లేని పిల్ల ఒక్కసారి విని పట్టుకున్నది, తాను నాలుగు నెలలు కళ్ళారా చూస్తూ పట్టుకోలేకపోయాడు.

"నేను చదువుతానమ్మా. రేపు సాయంత్రానికి ఇస్తాను," అన్నాడు.

డాక్టరు చేతిలోంచి ఆ కాగితాలు తీసుకుని పడకగదిలోకి నడిచాడు. బీరువా పక్కన సర్వరు గురక పెడుతోంది. ఐదో డిస్కు ఇంకెన్ని చోట్ల చెడిందో తెలుసుకోవాలని పొద్దున్నే చెక్ పెట్టాడు. భార్య తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. ఎనిమిది రోజుల్లో ఆవిడ తనంతట తాను పలకరించడం అదే మొదటిసారి.

"ఎంతవరకు వచ్చింది?"

"నలభై ఒకటి. ఆరులో వెళ్తోంది."

"ఆపకండి," అంది ఆవిడ, రికార్డింగ్‌లో బయటి చప్పుడు పడకుండా తలుపు దగ్గరికి వేస్తూ.